జున్నుపాల బాకీ

జున్నంటే ఇష్టంలేని మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఎక్కడైనా ఒకరో ఇద్దరో ఉంటే ఉన్నారేమో గాని, మా వీధిలో మాత్రం లేరు. ఎవరింట్లోనైనా ఆవో గేదో ఈనిందన్న కబురు తెలిస్తే చాలు, ఆరునెలలుగా మాట్లాడని వాళ్ళు కూడా ప్రహరీ మీంచి తొంగిచూసి, “ఏమ్మా, పెయ్యా, కోడా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకి అసలర్థం, “జున్నెప్పుడు?” అని. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్నుగిన్నె మూత తీస్తే, ఆ వాసనకి పాత తగవులన్నీ ఎగిరిపోతాయి.

ఆ జున్ను పంచడంలో నేను సంపాదించుకున్న పేరు ఇంతా అంతా కాదు. ఆ పేరుకి బిల్లెవరు కట్టారన్నది మాత్రం ఆరునెలలు పోయాక గాని తెలియలేదు.

మాది తెనాలికి దగ్గర్లో ఒక పల్లె. మావారు బడిపంతులు. పెరట్లో వేపచెట్టూ, దానికింద పాకా ఖాళీగా ఉన్నాయి కదా అని 2016లో ఒక జెర్సీ సంకరం ఆవుని కొన్నాం. గౌరి అని పేరు పెట్టాను. వచ్చేనాటికి రెండో ఈత. సాధువు. చిన్నపిల్లలు కొమ్ములు పట్టుకుని ఊగినా ఊరుకునేది. వంటింటి గోడకి పాల లెక్కల కాలెండరొకటి వేలాడుతుండేది. పొద్దున ఇన్ని లీటర్లు, సాయంత్రం ఇన్ని, ఎవరికెన్ని పోశాం, ఎవరెంత బాకీ, అంతా అందులోనే. గౌరి గురించి మాకు తెలిసినదంతా ఆ గడుల్లో పట్టేది. అప్పట్లో అంతకంటే తెలుసుకోవలసింది ఏముంటుందని కూడా అనుకోలేదు.

2018లో కనుమనాడు గౌరికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి హారతిచ్చాం. మూడోరోజు తెల్లవారుజామున ఈనింది. పెయ్యదూడ! మూడో ఈత. ఇల్లంతా పండుగ మళ్ళీ వచ్చినట్టయింది. పొద్దున్నే పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండితే అయిదు లీటర్లు. సాయంత్రం మళ్ళీ అయిదు. పసుపుపచ్చటి చిక్కటి ముర్రుపాలు. దూడకి మాత్రం కాస్త నోరు తడిపించి కట్టేశాం. “మాయ పడేదాకా దూడకి ఎక్కువ పాలివ్వకూడదు” అని పొరుగింటి పిన్నిగారు చెప్పారు. దూడకి పనికిరాని పాలు మా వీధికెలా పనికొచ్చాయో నాకప్పుడు తోచలేదు. పదకొండిళ్ళకి జున్ను పంచాను. “నీ చెయ్యి పెద్దదే” అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

రాత్రి ఎనిమిదింటికి మా అత్తగారు పాకలోంచి కేకేశారు. “అమ్మాయ్, ఇలా రా. దీని వాలకం బాగాలేదు.”

వెళ్ళి చూద్దును కదా, గౌరి వణుకుతోంది. వెనక కాళ్ళు తడబడి కూలబడిపోయింది. మెడని ఒక పక్కకి తిప్పి, తల డొక్కమీద ఆనించి, కళ్ళు అరమూతలు వేసింది. అత్తగారు దాని చెవి పట్టుకుని, “మంచుముద్దలా ఉందే” అన్నారు. మావారు స్కూటరేసుకుని పోయి, పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన చూడగానే, “పాలజ్వరం” అన్నాడు. జ్వరమంటున్నాడు, ఒళ్ళేమో మంచులా ఉంది! మెడలో సూదిగుచ్చి సీసాడు కాల్షియం నెమ్మదిగా ఎక్కించాడు. మీరు నమ్మండి, గంట తిరక్కుండా గౌరి త్రేన్చింది, పేడ వేసింది, ఊగుతూ లేచి నిలబడింది. చచ్చిపోయిందనుకున్నది లేచి గడ్డి పరక పట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది.

“రేపొద్దున్న ఆసుపత్రికి కబురు చేయండి. మాయ కూడా పడలేదు, డాక్టరుగారు చూడాలి” అని చెప్పి వెళ్ళాడాయన. మేం కబురు చేయలేదు. లేచి నిలబడింది కదా, ఇంకెందుకని.

మర్నాడు మధ్యాహ్నానికి కూడా మాయ పడలేదు. పిన్నిగారు వెదురాకు మేపమన్నారు. ఎదురింటి మామ్మగారు వేలాడుతున్న మాయకి పాతచెప్పు కట్టమన్నారు. ఆఖరికి, పశువుల సంగతి బాగా తెలుసునని చెప్పుకునే ఒకాయన వచ్చి, చెయ్యిపెట్టి లాగాడు. గౌరి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వచ్చినంత వచ్చింది, మిగిలినంత మిగిలింది. అయిదోరోజుకి పాకలోకి వెళ్తే దుర్వాసన. బాలింత కదా, ఆ మైల వాసనే అనుకున్నాం. మేత తగ్గించింది, పాలూ తగ్గాయి. వారం తిరిగేసరికి మళ్ళీ కొంచెం కోలుకుంది. మేమూ మరిచిపోయాం.

అంతకుముందు ఈనిన రెండు నెలలకే ఎదకొచ్చిన ఆవు ఈసారి ఏప్రిల్ ఆఖరుదాకా ఊసెత్తలేదు. వచ్చాక ఎదసూది వేయించాం. కృత్రిమ గర్భధారణ అని పెద్దపేరు దానికి. ఇరవైయొక్క రోజులు కాగానే మళ్ళీ అరుపు. మళ్ళీ సూది. జూన్ వెళ్ళేలోగా నాలుగు సూదులయ్యాయి, నాలుగూ నిలవలేదు. ఇంకోపక్క పాలు రోజురోజుకీ జారిపోతున్నాయి. తెలగపిండికీ తౌడుకీ అయ్యే ఖర్చు మాత్రం జారడంలేదు. మావారు కాగితం మీద కూడికలూ తీసివేతలూ మొదలుపెట్టారు. బడిపంతులు కాగితం తీశాడంటే ఎవరో ఒకరు తప్పినట్టే.

“గొడ్డుపోయిందండీ. తోలెయ్యండి” అన్నాడు పశువుల బేరగాడు. మేం కొన్నదాంట్లో నాలుగో వంతు ఇస్తానన్నాడు. ఒట్టిపోయిన ఆవుని సంతకి తోలితే అది చివరికెక్కడ తేలుతుందో అందరికీ తెలుసు. తెలియనట్టుండడమే మర్యాద. నేను మాట్లాడలేదు. మావారు, “చూద్దాం, ఎల్లుండి రా” అన్నారు. ‘చూద్దాం’ అంటే మా ఇంట్లో సగం ఒప్పుకున్నట్టే.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు వంటింటి గుమ్మంలో కూర్చుని, ఉన్నట్టుండి అడిగారు.

“అమ్మాయ్, కాకవంధ్య అంటే ఏవిటో తెలుసా నీకు?”

“తెలీదత్తయ్యా.”

“ఒక్క కాన్పుతో ఆగిపోయినదాన్ని అలా అంటారు. కాకి ఒక్కసారే గుడ్లు పెడుతుందిట. నిజమో అబద్ధమో ఆ కాకికే తెలియాలి. నన్ను ముప్ఫయ్యేళ్ళు అన్నారు ఆ మాట.”

మావారొక్కరే సంతానమని నాకు తెలుసు. ఎందుకొక్కరే అని ఏనాడూ అడగలేదు. అడిగే విషయమా అది? ఆవిడే చెప్పారు. పురుడు ఇంట్లోనే పోశారట. మాయ త్వరగా రాలేదని మంత్రసాని చెయ్యిపెట్టి లాగిందట. అయిదోనాటికి జ్వరం. ఇరవై రోజులు కళ్ళు తెరవలేదట. లేచాక మళ్ళీ కడుపు పండలేదు. మొక్కులయ్యాయి, చెట్లచుట్టూ ప్రదక్షిణలయ్యాయి, ఆఖరికి మావగారికి రెండో పెళ్ళి మాట కూడా ఎత్తారట పెద్దవాళ్ళు.

“అందరూ కడుపు పండలేదన్నారు గాని, ఆ ఇరవై రోజుల జ్వరం ఎవరికీ గుర్తులేదు. నా తరఫున మీ మావగారున్నారు. ససేమిరా అన్నారు కనక బతికిపోయాను. దీని తరఫున ఎవరున్నారు?” అని పాకవైపు చూశారు.

నేను సమాధానం చెప్పలేకపోయాను. గదిలో కాగితం చప్పుడు ఆగిపోయింది. మర్నాడు మావారు బేరగాడికి వద్దని చెప్పి, తిన్నగా పశువుల ఆసుపత్రికి వెళ్ళారు.

వచ్చినావిడ చిన్నవయసు డాక్టరు. మా పిన్నిగారు, “ఈ పిల్లా!” అని ముక్కున వేలేసుకున్నారు. ఆ పిల్లే భుజందాకా తొడుగు వేసుకుని పరీక్షచేసి, చేతులు కడుక్కుని, “అమ్మా, ఈనిన మొదటి పదిరోజుల్లో దీనికేమయింది?” అని అడిగింది.

నాలుగు సూదుల సంగతి చెప్పబోతున్నదాన్ని తెల్లబోయాను. జూలైలో జనవరి సంగతులెందుకు? గుర్తులేదన్నాను. “ఏమైనా రాసిపెట్టారా?” అంటే పాలకాలెండరు తెచ్చిచ్చాను. ఆవిడ జనవరి కాగితం తిరగేసి, గడులమీద వేలు నడిపించింది. మొదటిరోజు గడిలో ‘10’ అనీ, పక్కన నా అక్షరాలతో ‘జున్ను, 11 ఇళ్ళు’ అనీ ఉంది. మర్నాడు రెండు. తరవాత ఆరు, ఏడు. అయిదోరోజు నుంచి నాలుగు, మూడు, మూడు.

“ఇదిగోనమ్మా, ఇక్కడ పాలజ్వరం. ఇక్కడ గర్భసంచికి చీముపట్టి నిజం జ్వరం వచ్చింది. మీరు పాలే రాసుకున్నారు గాని, అది తన జబ్బు కూడా ఇందులోనే రాసిపెట్టింది” అంది.

ఆ తరవాత అరుగుమీద కూర్చుని, మజ్జిగ తాగుతూ ఆవిడ చెప్పిన సంగతులు నేనెన్నటికీ మరవను. సంసారం చేసుకునేవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేట్టు చెప్పింది.

ఆవు ఒంట్లో కాల్షియానికి కొదవలేదు. ఎముకల్లో బోలెడు డిపాజిట్ ఉంటుంది. కాని చేతిఖర్చుకి రక్తంలో తిరిగే చిల్లర మాత్రం సుమారు మూడు గ్రాములే. పది లీటర్ల జున్నుపాలు పిండితే అందులో ఇరవై గ్రాములకి పైగా పోతుంది. అంటే పర్సులో ఉన్నదానికి ఏడెనిమిది రెట్ల బిల్లు ఒక్కరోజులో వచ్చిపడిందన్నమాట. అప్పుడు ఎముకల బ్యాంకు తలుపు తీయాలి. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ముదురీతల ఆవులకి ఇంకా ఆలస్యం. జెర్సీలకి ఈ బెడద మరీ ఎక్కువ.

“చూడితో ఉన్నప్పుడు కాల్షియం టానిక్కేమైనా పట్టించారా?” అని అడిగింది.

“నెలరోజులు రోజూ పట్టించానమ్మా!” అన్నాను గర్వంగా.

ఆవిడ నవ్వాపుకుంది. ఈనేముందు రోజూ తేరగా కాల్షియం అందుతుంటే, ఎముకల బ్యాంకు తాళంచెవి పట్టుకున్న గ్రంథి నిద్రపోతుందట. తీరా అవసరం వచ్చేసరికి లేవదట. గర్భిణీస్త్రీకి మంచిదైనది చూడి ఆవుకీ మంచిదే అనుకున్నాను. డబ్బుపెట్టి కొని మరీ నిద్రపుచ్చాను దాన్ని.

ఆవిడే ఇంకో చిత్రం చెప్పింది. వెనకటికి పాలజ్వరం వస్తే ఆవు చాలామటుకు చచ్చేదేనట. 1897లో డెన్మార్కులో ష్మిట్ అనే పశువైద్యుడు పొదుగులోకి మందు ఎక్కిస్తే ఆవులు బతకడం మొదలుపెట్టాయి. తరవాత్తరవాత మందక్కర్లేదు, పొదుగులోకి గాలికొట్టినా చాలునని తేలింది. మావారు, “సైకిల్ పంపుతోనా?” అని నవ్వారు. అలాంటి పంపులతోనే కొట్టేవారట! పొదుగు గాలితో బిగిస్తే కొత్తపాలు ఊరడం ఆగిపోతుంది, కాల్షియం రక్తంలోనే ఉండిపోతుంది. లోపం కాల్షియానిదని శాస్త్రజ్ఞులు పట్టుకున్నది 1925 ప్రాంతంలో. మావారు నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. పాలు పిండడం ఆపితే బతికే జంతువుని, నేను చివరి బొట్టుదాకా పిండాను.

ఇక మాయ సంగతి. ఆవు మాయ గర్భసంచికి డెబ్భై నుంచి నూరుదాకా గుండీలతో కాజాలు పట్టినట్టు పట్టుకుని ఉంటుంది. ఒంట్లోని తెల్లకణాలు వచ్చి ఆ గుండీలు ఒక్కొక్కటీ విప్పాలి. కాల్షియం లేకపోతే ఆ కణాలకి సత్తువుండదు, గర్భసంచికి బిగువుండదు. విప్పకుండా లాగితే రవికె చిరిగినట్టు లోపల చిరుగుతుంది, క్రిములకి దారి దొరుకుతుంది. సగం రోజులో మాయ పడకపోతే డాక్టరుకి చెప్పాలి తప్ప చెయ్యిపెట్టకూడదు. చెప్పులూ రాళ్ళూ కట్టకూడదు. దూడని మాత్రం గంటలోపే వదలాలి. అది చీకితే గర్భసంచి ముడుచుకోవడానికి కూడా సాయమే. పిన్నిగారి మాట దానికి సరిగ్గా తిరగేసి ఉంది.

“ఈనగానే గర్భసంచి తొమ్మిది పది కిలోలుంటుందమ్మా. నలభై రోజుల్లో ముడుచుకుని కిలో లోపుకి రావాలి. ఈనిన ఆవుకి లోపలికి క్రిములు చేరడం మామూలే. ఒంట్లో బలమున్నది గెలుస్తుంది. పాలజ్వరమొచ్చి, మాయ ఆగి, మేత తినలేక, పాలకోసం ఒంటికొవ్వు కరిగించుకుంటున్నది ఎలా గెలుస్తుంది?”

“మరి ఆ జ్వరం తగ్గింది కదమ్మా! జనవరిలో తగ్గిన జ్వరానికి జూన్‌లో చూడి నిలవకపోవడమేమిటి?” అని అడిగాను.

దానికావిడ చెప్పిన జవాబు మా డెల్టావాళ్ళకి వెంటనే బోధపడేది. ఎదనాడు విడుదలయ్యే అండం ఆ నెలలో తయారైంది కాదు. అది పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే ఏప్రిల్లో పండే గింజ జనవరి జ్వరంలోనే పొట్టమీదుంది. వరి పొట్టమీదున్నప్పుడు తెగులు తగిలితే అప్పటికి పచ్చగానే కనిపిస్తుంది, కోతలనాడు తాలు తేలుతుంది. ఇదీ అంతే. ఈనిన కొత్తలో ఆవు చిక్కిపోతే ఆ దెబ్బ అండాలమీద నెలల తరవాత కనబడుతుందని అమెరికాలో బ్రిట్ అనే శాస్త్రజ్ఞుడు 1992లో ప్రతిపాదించాడట. గర్భసంచి వాపొచ్చిన ఆవులు ఎదకి ఆలస్యంగా వస్తాయి, సూది వేసినా తక్కువగా నిలుస్తాయి, నిలిచినవాటిలోనూ కొన్ని జారిపోతాయి. గౌరికైతే ఆ వాపు లోపల పూర్తిగా తగ్గనేలేదు. ఎదలో వేసే తీగ గాజులా స్వచ్ఛంగా ఉండాలి. దీని తీగలో తెల్లటి చీము నలకలున్నాయి. నాలుగుసార్లు చూశాం మేమంతా. తీగ వేసిందని సంబరపడ్డామే గాని, అందులో ఏముందో చూడలేదు.

“ఇది గొడ్డుపోలేదమ్మా. మానని పుండుమీద నాలుగుసార్లు విత్తనం చల్లారు” అంది డాక్టరమ్మ.

ఆ మాట వినగానే మా అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి వచ్చి, ఆవిడ గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోశారు.

డాక్టరమ్మ మందులిచ్చింది. రెండు ఎదలు సూది వేయించకుండా వదిలెయ్యమంది. రోజూ దాణాలో ఖనిజలవణాల పొడి కలపమంది. వదిలేసిన ఆ రెండు ఎదలూ మావారికి రెండు యుగాలయ్యాయి. కాగితం తీసినప్పుడల్లా అత్తగారు దగ్గేవారు, ఆయన మళ్ళీ జేబులో పెట్టుకునేవారు. సెప్టెంబరులో తీగ అద్దంలా మెరిసింది. సూది వేయించాం. ఇరవైయొక్క రోజులు గడిచాయి, అరుపులేదు. నలభై రెండు గడిచాయి, లేదు. మూడోనెల నిండాక డాక్టరమ్మ చెయ్యిపెట్టి చూసి తలూపింది. ఏడాదికో ఈత రావాలంటే ఈనిన ఎనభై అయిదు రోజుల్లోపు చూడి నిలవాలి. మాకు ఏడున్నర నెలలు పట్టింది. జున్ను పదకొండిళ్ళకి చేరింది సరే, దాని బాకీ మాత్రం గౌరి అయిదునెలలు తీర్చింది.

2019 జూన్‌లో గౌరి మళ్ళీ ఈనింది. ఈసారి టానిక్కు ముందు పట్టించలేదు. ఈనాక, డాక్టరమ్మ చెప్పిన లెక్క ప్రకారం ఇచ్చాం. దూడని మొదట వదిలి, రెండుమూడు రోజులు పొదుగు పూర్తిగా పిండకుండా పూటకి కొంచెమే తీశాం. ఎనిమిది గంటల్లో మాయ దానంతటదే పడింది. మా అత్తగారు పాకలో ముక్కాలిపీట వేసుకుని పదిరోజులు కాపలా కాశారు. డాక్టరమ్మ ఇచ్చిన థర్మామీటరుతో మావారు రోజూ రెండుపూటలా చూసి చెబితే, ఆవిడ కాలెండరులో పాల అంకె పక్కన ఆ అంకె కూడా రాయించారు. నూట ఒకటిన్నర ఉంటే సరే, నూట మూడు దాటితే కబురు. దాటలేదు.

మూడోనాడు మిగిలిన కాసిని పాలతో చిన్నగిన్నెడు జున్ను వండాను. నాలుగిళ్ళకి తలో ముక్క వెళ్ళింది. పిన్నిగారు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, “పోయినసారి గిన్నెడు పంపావు, ఈసారి ఇంతేనా? చెయ్యి చిన్నదైందే!” అన్నారు.

“చెయ్యి చిన్నది కాలేదు వదినా. బాలింత పథ్యం మనం తినేయడం మానేశాం, అంతే” అన్నారు మా అత్తగారు లోపల్నించి.

పిన్నిగారికి కోపం వచ్చిందనే అనుకున్నాను. నాలుగు నెలలు పలకరింపు కూడా లేదు. అక్టోబరులో ఒక తెల్లవారుజామున ప్రహరీ మీంచి ఆవిడ గొంతు వినబడింది. వాళ్ళ గేదె ఈనిందట. నేను అలవాటుగా, “పెయ్యా, దున్నా?” అని అడగబోయాను.

“అదంతా తరవాత చెబుతా. ముందా థర్మామీటరు ఇలా ఇవ్వు” అన్నారు పిన్నిగారు.